హార్మోనియం చేతికి డిజిటల్ పియానో సరిపోతుందా? కొనేముందు కీ యాక్షన్ గురించి తెలుసుకోండి

భజనలో కీబోర్డు వాయించడం మీద చేసిన వీడియోలో టైము సరిపోక ఒక ముఖ్యమైన విషయాన్ని రెండు ముక్కల్లో తేల్చేశాం. అదే కీ యాక్షన్. అంటే కీ నొక్కితే వేలికి తగిలే బరువు, కీ కిందికి దిగే తీరు, వదిలితే పైకి లేచే వేగం. సౌండ్ బాగుందా లేదా అన్నది షోరూములో రెండు నిమిషాల్లో తేలిపోతుంది. యాక్షన్ సంగతి మాత్రం ఇంటికి తెచ్చుకున్న నెలకి గానీ తెలియదు. అప్పటికి బిల్లు కట్టేసి ఉంటాం. అందుకే ఈ పోస్టు కాస్త పొడుగ్గా ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక ఇంటి సంగతి చెప్తాను. అశోక్‌నగర్‌లో అద్దెకుండే తల్లీకూతుళ్లు. అమ్మగారు ముప్పై ఏళ్లుగా హార్మోనియం వాయిస్తున్నారు. చిక్కడపల్లిలో వాళ్ల భజన బృందానికి శ్రుతి, స్వరం రెండూ ఆవిడే. అమ్మాయికి ఉద్యోగం వచ్చి ఏడాదైంది. చిన్నప్పట్నుంచీ పియానో నేర్చుకోవాలని కోరిక. యాభై వేలు దాచుకుంది. "నాకు పియానో, అమ్మకి భజన కీబోర్డు, రెండూ ఒక్కదాంతో అయిపోతాయి కదండీ?" అని ఆ అమ్మాయి ప్రశ్న. ఇద్దరూ షోరూముకి వెళ్లారు. 88 కీస్ ఉన్న డిజిటల్ పియానో ముందు అమ్మగారు కూర్చుని ఒక కీర్తన ఎత్తుకున్నారు. పావుగంటకే వేళ్లు లాగుతున్నాయన్నారు. "ఇదేంటే, పిండి రుబ్బినట్టుంది" అన్నారట. సేల్స్ అబ్బాయి వెంటనే టచ్ సెట్టింగ్‌ని లైట్‌కి మార్చి, "ఇప్పుడు తేలికైపోయింది ఆంటీ" అన్నాడట. తేలిక కాలేదు. అది తేలిక అవ్వదు కూడా. ఎందుకో తెలియాలంటే కీ కింద ఏం జరుగుతుందో చూడాలి.

మెట్టు కింద తలుపు, కీ కింద సుత్తి

మన ఇళ్లల్లో హార్మోనియం కీస్‌ని మెట్లు అంటారు కదా. ఆ మెట్టు నొక్కితే లోపల ఒక చిన్న తలుపు తెరుచుకుంటుంది, అంతే. ఎడమ చేత్తో కొడుతున్న బెలోస్ గాలి ఆ తలుపులోంచి వెళ్లి ఇత్తడి రీడుని కదిలిస్తుంది. మెట్టుని మెల్లగా నొక్కినా, ఠపీమని కొట్టినా శబ్దం ఒకటే. పెద్దగా కావాలంటే బెలోస్ గట్టిగా వేయాలి. అంటే హార్మోనియంలో భావం ఎడమ చేతిలో ఉంటుంది, స్వరం కుడి చేతిలో ఉంటుంది. మెట్టుకి కావలసిందల్లా తలుపు మూసి ఉంచే ఒక స్ప్రింగు. అందుకే అంత తేలిక, లోతు కూడా తక్కువ. వేలు ఆనిస్తే చాలు, పలుకుతుంది. నొక్కి ఉంచినంతసేపూ పలుకుతూనే ఉంటుంది.

పియానో దీనికి పూర్తిగా వేరే వస్తువు. 1700 ప్రాంతంలో ఇటలీలో క్రిస్టోఫోరీ అనే ఆయన దీన్ని తయారుచేసినప్పుడు ఆయన పరిష్కరించిన సమస్య ఏమిటంటే, వేలి బలాన్ని బట్టి శబ్దం మారాలి. అందుకు కీని ఒక తులాదండంలా చేశాడు. ఈ చివర మనం నొక్కితే ఆ చివర సుత్తి లేస్తుంది. పిల్లల పార్కులో ఊగే బల్ల ఉంటుంది చూడండి, అచ్చం అదే. సుత్తి తీగ దాకా మన వేలితో అంటుకుని వెళ్లదు. కాస్త ముందే విడిపోయి, విసిరిన రాయిలా సొంతంగా ఎగిరి తీగని కొట్టి వెనక్కి వస్తుంది. ఆ విడిపోవడాన్నే ఎస్కేప్‌మెంట్ అంటారు. గ్రాండ్ పియానో కీని చాలా మెల్లగా కిందికి దించితే, చివర్లో ఒక చిన్న గతుకులాంటిది వేలికి తెలుస్తుంది. అది ఈ విడిపోయే చోటే. 1821లో ఎరార్డ్ పేటెంటు తీసుకున్న డబుల్ ఎస్కేప్‌మెంట్ వచ్చాక, కీ పూర్తిగా పైకి రాకముందే మళ్లీ అదే స్వరం కొట్టడం వీలైంది. ఈ మాట గుర్తుంచుకోండి, జంట స్వరాల దగ్గర పనికొస్తుంది.

ఇక డిజిటల్ పియానో. ఇందులో తీగలుండవు. కానీ మంచి వాటిల్లో నిజంగానే ప్రతి కీకి ఒక చిన్న బరువు, సుత్తిలాంటిది, కీతో పాటు ఊగుతుంది. దీన్నే హ్యామర్ యాక్షన్ అంటారు. కీ కింద రబ్బరు బుడగల్లాంటి కాంటాక్టులు రెండు, కొన్నింట్లో మూడు ఉంటాయి. కీ దిగుతుంటే మొదటిది తాకుతుంది, తర్వాత రెండోది. ఆ రెండింటి మధ్య పట్టిన సమయాన్ని మెషీన్ లెక్కపెడుతుంది. తక్కువ సమయం పడితే గట్టిగా కొట్టారని అర్థం, ఎక్కువ పడితే మెల్లగా అని. ఆ లెక్కని మిడి భాషలో 1 నుంచి 127 దాకా ఒక అంకెగా మారుస్తుంది. మీ భక్తి, మీ కోపం, మీ నిద్రమత్తు అన్నీ ఆ అంకెలోకి వెళ్లిపోతాయి.

ఇప్పుడు సేల్స్ అబ్బాయి మాటకి వద్దాం. టచ్ సెట్టింగ్ లైట్, మీడియం, హెవీ అని ఉంటుంది. అది ఈ అంకె మీద పనిచేస్తుంది. లైట్ పెడితే మెల్లగా నొక్కినా పెద్ద శబ్దం వస్తుంది. కీ కింద ఉన్న బరువు ఒక్క గ్రాము కూడా తగ్గదు. అమ్మగారి వేళ్లు మోస్తున్నది ఆ బరువుని. స్క్రీన్ మీద అక్షరం మారితే మోత మారదు కదా. షోరూములో ఎవరైనా ఈ సెట్టింగ్ చూపించి "వెయిట్ అడ్జస్ట్ చేసుకోవచ్చు" అంటే మర్యాదగా నవ్వి ఊరుకోండి.

ఇంకో మాట కూడా అక్కడ కలిపేస్తుంటారు. టచ్ సెన్సిటివ్ వేరు, వెయిటెడ్ వేరు. పదిహేను వేల 61 కీస్ కీబోర్డు కూడా టచ్ సెన్సిటివే కావచ్చు. దాని కింద మాత్రం స్ప్రింగే ఉంటుంది. సెమీ వెయిటెడ్ అంటే స్ప్రింగుకి తోడు కొద్దిగా బరువు. 88 కీస్ ఉన్నంత మాత్రాన హ్యామర్ యాక్షన్ ఉన్నట్టు కాదు. ఆన్‌లైన్‌లో తక్కువ ధరకి డిజిటల్ పియానో పేరుతో కనిపించే వాటిల్లో సెమీ వెయిటెడ్ చాలానే ఉంటాయి. స్పెసిఫికేషన్‌లో హ్యామర్ అనే మాట ఉందా లేదా చూడండి. లేకపోతే లేనట్టే.

జేబులో ఏడు పది రూపాయల బిళ్లలు

షోరూముకి వెళ్లేముందు పది రూపాయల నాణేలు ఓ పది పోగేసుకోండి. రెండు రంగుల పది రూపాయల నాణెం బరువు 7.71 గ్రాములు. గ్రాండ్ పియానోలో మధ్య సప్తకం దగ్గర కీ దానంతట అది మెల్లగా దిగడానికి సుమారు 50 గ్రాములు కావాలి. అంటే ఆరు నాణేలకి దిగీ దిగనట్టు, ఏడు నాణేలకి దిగేట్టు ఉంటుందన్నమాట. కీ ముందు అంచుకి దగ్గరగా, వేలు ఆనే చోట ఒక్కొక్క నాణెం పేర్చుకుంటూ వెళ్లండి. డిజిటల్ పియానోలో ఇంకో ఒకటి రెండు నాణేలు ఎక్కువ పట్టొచ్చు, కంగారు పడకండి. స్విచ్ ఆన్ చేయకుండానే ఈ పరీక్ష చేయొచ్చు, బరువుకి కరెంటుతో పని లేదు. తర్వాత ఎడమ చివరకి వెళ్లి మంద్రంలో ఒకటి, కుడి చివర తారస్థాయిలో ఒకటి చూడండి. ఎడమ వైపు ఎక్కువ బరువు, కుడి వైపుకి వెళ్లేకొద్దీ తక్కువ ఉంటే దాన్ని గ్రేడెడ్ అంటారు. నిజం పియానోలో మంద్రం సుత్తులు పెద్దవి కాబట్టి ఈ తేడా.

ఇప్పుడు రివర్సులో చేయండి. కీ అడుగుకి దిగి ఉండగా నాణేలు ఒక్కొక్కటే తీసేయండి. మూడు నాణేల దాకా ఉన్నా కీ లేచి వచ్చిందంటే చేతికి మంచి స్పందన ఉన్నట్టు. దిగడానికి బరువు కావాలి గానీ లేవడానికి బద్ధకిస్తోందంటే ఆ యాక్షన్ వేలికి బురదలా తగులుతుంది. చాలామంది బరువు అని ఫిర్యాదు చేసేది నిజానికి ఈ బద్ధకాన్నే. పక్కవాళ్లు చూస్తే చూడనీండి, యాభై వేలు మీవి.

నాణేలు చెప్పేది ఆగి ఉన్న బరువు మాత్రమే. వేగంగా వాయించేటప్పుడు లోపలి సుత్తి కదలిక వేరే బరువు చూపిస్తుంది. దానికి మన దగ్గరే మంచి పరీక్షలున్నాయి. రామ్‌కోటి సంగీత కళాశాలలోనో, వీధి చివర టీచరమ్మ దగ్గరో మొదటి ఏడాది నేర్చుకున్నవే: సరళీ స్వరాలు, జంట స్వరాలు.

మాయామాళవగౌళని ఒకటో శ్రుతిలో, అంటే సి నుంచి మొదలుపెట్టి వాయించండి. రి, ధ రెండూ నల్ల కీస్ మీద పడతాయి. మిగతావి తెల్లవి. నల్ల కీ అందుకోవాలంటే చేయి మొత్తం లోపలికి జరగాలి. అప్పుడు మ, ప లాంటి తెల్ల కీస్‌ని మీరు అంచు దగ్గర నొక్కరు, రెండు నల్ల కీస్ మధ్య ఇరుకులో నొక్కుతారు. ఊగే బల్ల గుర్తుందా? మధ్యలో ఇరుసుకి దగ్గరగా కూర్చుని తొక్కితే అవతలివాడు లేవడు. ఇక్కడా అంతే. కీ పొడవు లోపల ఎంత ఉంటే అంత మేలు. పైకి కనిపించే భాగం అన్నింట్లోనూ దాదాపు ఒకటే, తేడా అంతా మూత కింద దాగిన భాగంలో ఉంటుంది. గ్రాండ్ పియానోలో కీ లోపలికి చాలా దూరం వెళ్తుంది. సన్నగా, స్టైల్‌గా ఉన్న పోర్టబుల్ మోడల్లో అంత చోటెక్కడిది? అందుకే ఒకే తెల్ల కీని అంచు దగ్గర ఒకసారి, లోపల ఒకసారి అదే బలంతో నొక్కి చూడండి. లోపల నొక్కినప్పుడు శబ్దం బాగా తగ్గిపోతే మాయామాళవగౌళలో మీ ప ఎప్పుడూ నీరసంగానే పలుకుతుంది. సి మేజర్ స్కేల్ వాయించి చూసి కొనేసినవాళ్లకి ఈ లోపం కనపడదు, ఎందుకంటే అందులో నల్ల కీస్ జోలికే వెళ్లరు. మన మొదటి పాఠమే ఈ విషయంలో గట్టి పరీక్ష కావడం నాకైతే భలే సంతోషం.

తర్వాత జంట స్వరాలు. సస రిరి గగ మమ. మొదటి కాలంలో అన్నీ బాగానే పలుకుతాయి. రెండో కాలం, మూడో కాలం. ఒకే స్వరాన్ని వెంటవెంటనే రెండుసార్లు కొట్టాలి. రెండు కాంటాక్టులే ఉన్న యాక్షన్‌లో కీ చాలావరకు పైకి లేస్తే గానీ రెండో దెబ్బ నమోదు కాదు. లేవకముందే కొడితే ఆ స్వరం మింగుడు పడిపోతుంది. మూడో కాంటాక్టు ఉంటే సగం లేచినా చాలు. ఎరార్డ్ రెండు వందల ఏళ్ల కిందట చెక్కతో సాధించినదాన్ని ఇక్కడ ఒక అదనపు రబ్బరు బుడగతో సాధిస్తారు. హార్మోనియం అలవాటున్నవాళ్లు జంటలకి ఒకే వేలు వాడతారు. పియానో టీచర్లు వేలు మార్చమంటారు, 3-2 అనో 2-1 అనో. హ్యామర్ యాక్షన్ మీద ఆ సలహా అక్షరాలా పాటించండి. వేలు మార్చితే మొదటి వేలు పూర్తిగా వదులుతుంది, కీకి లేచే అవకాశం దొరుకుతుంది.

మూడో పరీక్షకి వాల్యూమ్ మధ్యలో పెట్టి, పియానో టోన్‌లో ఏదైనా నామం చాలా మెల్లగా వాయించండి. పూజగదిలో పక్కన పసిబిడ్డ నిద్రపోతున్నట్టు. అన్ని స్వరాలూ ఒకే మెత్తదనంతో వస్తున్నాయా? కొన్ని పలక్కుండా పోయి, కొన్ని ఉన్నట్టుండి గట్టిగా వస్తున్నాయా? గట్టిగా వాయించి చూపిస్తే ప్రతి పియానో బాగానే వినిపిస్తుంది. డెమో ఇచ్చేవాళ్లు అందుకే గట్టిగా వాయిస్తారు.

హార్మోనియం టోన్ పెట్టి చూడటం మాత్రం మర్చిపోవద్దు, ముఖ్యంగా భజన కోసం కొనేవాళ్లు. డిజిటల్ పియానోల్లో ఎక్కువగా కీ దాదాపు అడుగుకి చేరాకే స్వరం మొదలవుతుంది. పియానో టోన్‌కి అది సహజంగా ఉంటుంది. హార్మోనియం టోన్‌కి అలవాటైన చెవికి మాత్రం వెనకబడ్డట్టు అనిపిస్తుంది. మెట్టు మీద వేలు ఆనగానే పలికే వాయిద్యం మీద ముప్పై ఏళ్లు వాయించిన అమ్మగారికి, "నా చెయ్యి ముందు వెళ్తోంది, పాట వెనక వస్తోంది" అనిపించింది ఇందుకే. చౌక కీబోర్డు స్ప్రింగు కీస్ మీద ఆ ఇబ్బంది తక్కువ.

పేర్లు, మోడల్స్

కంపెనీలన్నీ తమ యాక్షన్లకి ఇంగ్లీషు అక్షరాల పేర్లు పెడతాయి, చూస్తే మందుల చీటీలా ఉంటుంది. పోర్టబుల్ మోడల్స్ వరకే చెప్తాను.

యమహాలో చాలాకాలం అందరూ కొన్నది పీ-45. దాని యాక్షన్ జీహెచ్ఎస్, అంటే గ్రేడెడ్ హ్యామర్ స్టాండర్డ్. 2023లో దాని స్థానంలో పీ-145 వచ్చింది, యాక్షన్ జీహెచ్‌సీ, చివరి అక్షరం కాంపాక్ట్. పీ-225లో కూడా అదే జీహెచ్‌సీ. కాబట్టి పీ-145 కన్నా పీ-225కి ఎక్కువ డబ్బు పెడితే మీకు వచ్చేది మెరుగైన సౌండు, స్పీకర్లు, ఫీచర్లు. వేలికి తగిలేది మారదు. ఇది తెలియక టచ్ బాగుంటుందని పై మోడల్‌కి వెళ్లేవాళ్లున్నారు. యమహా పోర్టబుల్స్‌లో టచ్ నిజంగా మారేది పీ-525 దగ్గర. దాని బరువు 22 కిలోలు, ధర మన యాభై వేల బడ్జెట్‌కి అందదు.

రోలాండ్‌లో ఎఫ్‌పీ-10, ఎఫ్‌పీ-30ఎక్స్ రెండింట్లోనూ ఒకటే యాక్షన్, పీహెచ్ఏ-4 స్టాండర్డ్. ఇందులో ఆ చివరి గతుకు, అంటే ఎస్కేప్‌మెంట్ అనుకరణ ఉంటుంది. తెల్ల కీస్ మీద దంతంలాంటి గరుకు పూత ఉంటుంది, చెమట వేళ్లు జారవు. మే నెల హైదరాబాదులో ఇది చిన్న విషయం కాదు. అన్నింటికన్నా చౌక మోడల్లోనే పై మోడల్ యాక్షన్ పెట్టడం వల్ల, పియానో నేర్చుకోవడమే లక్ష్యమైతే ఎఫ్‌పీ-10 నా మొదటి ఓటు. కాస్త బరువైన టచ్. అమ్మగారికి పిండి రుబ్బినట్టు అనిపించే రకం ఇదే. ఇంకో లోటు ఉంది. ఎఫ్‌పీ-10కి హెడ్‌ఫోన్ జాక్ తప్ప విడిగా లైన్ అవుట్ లేదు. గుడి మైక్ సెట్‌కి కలపాలంటే ఆ జాక్ నుంచే లాగాలి. ఎఫ్‌పీ-30ఎక్స్‌లో లైన్ అవుట్ ఉంది.

కాసియో పీఎక్స్-ఎస్1100 చాలా సన్నం, లోతు 23 సెంటీమీటర్ల పైచిలుకే, బరువు 11.2 కిలోలు. ఆరు పెన్సిల్ సెల్స్ వేసుకుంటే కరెంటు లేకపోయినా నడుస్తుంది. భజనలకి తిప్పేవాళ్లకి ఇది పెద్ద వరం, నగర సంకీర్తన రోజున ఎక్స్‌టెన్షన్ బోర్డు వెతుక్కునే బాధ లేదు. టచ్ నాకు రోలాండ్ కన్నా చురుగ్గా అనిపిస్తుంది. కానీ ఆ సన్నదనం ఊరికే రాదు. పైన చెప్పిన మాయామాళవగౌళ పరీక్ష దీని మీద తప్పకుండా చేయండి, మీ చేతికి సరిపోతే తీసుకోండి. కాసియోలోనే ఇంట్లో కదలకుండా ఉండే పీఎక్స్-870లో ట్రై-సెన్సర్ అని పేరులోనే ఉంటుంది, జంట స్వరాలకి అది హాయి.

కవాయ్ ఈఎస్120లో ఆర్‌హెచ్‌సీ అనే యాక్షన్. శబ్దం తక్కువ, మెత్తన. దొరికితే తప్పక వాయించి చూడండి. వాళ్లదే ఈఎస్920 యాక్షన్ ఇంకా మెరుగు, మూడు సెన్సర్లు, కింది సప్తకాల్లో కౌంటర్ వెయిట్లు కూడా ఉంటాయి. ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

ఒక్క మాట. ఈ డిజిటల్ పియానోల్లో చాలావాటికి పిచ్ బెండ్ చక్రం ఉండదు. పీ-145కి లేదు, ఎఫ్‌పీ-10కి లేదు. కర్ణాటక సంగీతం కీబోర్డు మీద వాయించే సత్యనారాయణన్ గారి కచేరీ చూసినవాళ్లకి తెలుసు, ఎడమ చేయి ఎప్పుడూ ఆ చక్రం మీదే ఉంటుంది, గమకం అంతా అక్కడే. అలా వాయించాలని మీ కల అయితే హ్యామర్ యాక్షన్ గురించి ఆలోచించడమే అనవసరం. చక్రం ఉన్న మంచి కీబోర్డు చూసుకోండి. చక్రం లేకుండా గమకం రాదా అంటే, రాదు. హార్మోనియంలోనూ రాదు కదా. 1940లో ఆకాశవాణి హార్మోనియాన్ని పక్కన పెట్టినప్పుడు చెప్పిన కారణాల్లో ఇదీ ఒకటి. దాదాపు మూడు దశాబ్దాలు ఆ నిషేధం నడిచింది. ఈలోగా భజన మందిరాలూ, పద్యనాటకాలూ దాన్ని వదల్లేదు. త్యాగరాయ గానసభలో పద్యనాటకం చూసినవాళ్లకి తెలుసు, నటుడు రాగం తీస్తుంటే హార్మోనిస్టు ఆయన గమకాన్ని పట్టుకోవడానికి ప్రయత్నించడు. నిలిచే స్వరాలు అందించి పక్కకి తప్పుకుంటాడు. పియానో మీద కూడా భజనకి అదే పద్ధతి. గమకం పాడేవారికి వదిలేయండి.

మరి ఆ తల్లీకూతుళ్లకి ఏం చెప్పాను?

ఒక్కదాంతో రెండూ అవ్వవు అని చెప్పాను. యాభై వేలు మొత్తం అమ్మాయి పియానోకే పెట్టమన్నాను. అమ్మగారికి హార్మోనియం ఉంది, అది అమ్మకండి అని గట్టిగా చెప్పాను. పాతది అమ్మేసి ఆ డబ్బు కలిపి ఇంకా పెద్ద మోడల్ కొందామనేది ఇంట్లో వాళ్ల ఆలోచన. ముప్పై ఏళ్ల చేతి అలవాటుని ఎక్స్‌చేంజ్ ఆఫర్‌లో పెట్టడం నాకు నచ్చలేదు. అరవై దాటిన కీళ్లు కొత్తగా అంత బరువు మోయాల్సిన పనీ లేదు. మరీ మైక్ సెట్‌కి కలపాల్సిన అవసరం వస్తే 61 కీస్ కీబోర్డు ఒకటి తర్వాత చూసుకోవచ్చు. యమహా పీఎస్ఆర్-ఐ500, కాసియో సీటీ-ఎక్స్870ఐఎన్ లాంటివి మన దేశం కోసమే హార్మోనియం, తంబూరా, తబలా శబ్దాలతో వచ్చాయి. ఆ స్ప్రింగు కీస్ అమ్మగారికి మెట్లలాగే తగులుతాయి. ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కితే ఐదున్నర శ్రుతిలో పాడేవాళ్లకి కూడా వేళ్లు సి దగ్గరే పెట్టుకుని వాయించుకోవచ్చు.

మీ ఇంట్లో పరిస్థితి వేరుగా ఉండొచ్చు. పియానో గ్రేడ్ పరీక్షలు రాయాలనుకునే పిల్లలుంటే హ్యామర్ యాక్షన్ 88 కీస్ తప్పనిసరి అనుకోండి. ట్రినిటీ వాళ్లకి ఎలక్ట్రానిక్ కీబోర్డుకి ఒక సిలబస్, పియానోకి వేరే సిలబస్ ఉన్నాయి, ముందే ఏదో తేల్చుకోండి. స్ప్రింగు కీస్ మీద రెండేళ్లు నేర్చుకుని పియానోకి మారిన పిల్లలకి వేళ్లలో బలం చాలక మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టినట్టు ఉంటుంది. అటునుంచి ఇటు రావడం మాత్రం సులువు. బరువు కీస్ మీద నేర్చుకున్న చేయి తేలిక కీస్ మీద రెండు రోజుల్లో కుదురుకుంటుంది. హార్మోనియం నుంచి పియానోకి వెళ్లే పెద్దవాళ్లకి ఇంకో అలవాటు అడ్డొస్తుంది. నొక్కి పట్టుకుంటే స్వరం నిలుస్తుందని వేలు బిగిస్తారు. పియానోలో స్వరం పుట్టిన క్షణం నుంచే కరిగిపోతుంది, ఎంత అదిమినా పెరగదు. కీ అడుగుకి చేరగానే వేలు వదులు చేసి ఊరికే ఆనించి ఉంచడం నేర్చుకుంటే సగం నొప్పి పోతుంది. మొదటి నెల రోజుకి పదిహేను నిమిషాలు చాలు.

అపార్ట్‌మెంటులో

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ సందుల్లో ఇళ్లు ఎలా ఉంటాయో తెలుసు కదా. పై గోడ, కింది గోడ, పక్క గోడ అన్నీ అందరివీ. కింది ఫ్లోర్‌లో గ్రూప్స్‌కి చదివే పిల్లలు ఉంటారు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని రాత్రి పదకొండుకి వాయిస్తే ఎవరికీ వినపడదు అనుకుంటాం. పాట వినపడదు, నిజమే. కానీ హ్యామర్ యాక్షన్‌లో ప్రతి కీ అడుగుకి చేరి ఠప్ అని తాకుతుంది, ఆ తాకిడి స్టాండు కాళ్లలోంచి స్లాబులోకి వెళ్తుంది. కింద ఇంట్లో ఎవరో గోడకి మేకు కొడుతున్నట్టు వినిపిస్తుంది. స్టాండు కాళ్ల కింద దళసరి రబ్బరు లేదా జిమ్ మ్యాట్ ముక్కలు వేయండి. ఎక్స్ ఆకారం స్టాండు కన్నా బల్లలా నాలుగు కాళ్లున్న స్టాండు మేలు, ఊగదు. ఊగే స్టాండు మీద ఎంత మంచి యాక్షన్ అయినా మెత్తబడిపోయి తప్పుడు అంచనా ఇస్తుంది. షోరూములో కూడా ఊగే స్టాండు మీద ఉంటే బల్ల మీద పెట్టించి చూడండి.

మోసుకెళ్లే సంగతి కూడా. 88 కీస్ అంటే దాదాపు నాలుగు అడుగుల నాలుగు అంగుళాల పొడవు. ఆటోలో అడ్డంగా పట్టదు, ఏటవాలుగా పెట్టుకుని ఒక చివర బయటికి చూస్తుంటే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ ట్రాఫిక్‌లో ప్రాణం గుప్పిట్లో ఉంటుంది. ప్రతి వారం గుడికి తీసుకెళ్లాలంటే ఆ పని 61 కీస్ దానికే అప్పజెప్పండి.

పూజ చేసేటప్పుడు

దసరాల్లో ఆయుధ పూజకో, వసంత పంచమికో వాయిద్యానికి పూజ చేస్తాం, చేయాలి కూడా. కానీ పసుపు, కుంకుమ, అక్షింతలు కీస్ మీద వేయకండి. హార్మోనియంలో అయితే పైపలక ఊడదీసి దులుపుకోవచ్చు. డిజిటల్ పియానోలో ఆ పొడి కీస్ మధ్య సందుల్లోంచి జారి నేరుగా రబ్బరు కాంటాక్టుల మీదికి చేరుతుంది. అప్పుడు ఆ కీ అయితే అసలు పలకదు, లేకపోతే ఎంత మెల్లగా నొక్కినా 127 అంకెతో అరుస్తుంది. ఒక్క అక్షింత గింజ చాలు కీ పూర్తిగా దిగకుండా ఆపడానికి. అగరుబత్తి బూడిద కూడా అంతే. మూత వేసి గానీ గుడ్డ కప్పి గానీ, బాడీకి ఎడమ చివర ప్లాస్టిక్ మీద గంధం బొట్టు, కుంకుమ బొట్టు పెట్టండి. పువ్వులు మ్యూజిక్ స్టాండ్ మీద పెట్టండి, తడి ఆరాక. హారతి పళ్లెం దూరంగా చూపించండి. మామూలు రోజుల్లో కూడా వాయించడం అయ్యాక పొడవాటి కాటన్ గుడ్డ కప్పి ఉంచండి, మన వీధుల దుమ్ము కుంకుమ కన్నా తక్కువేం కాదు. తుడవాల్సి వస్తే గుడ్డని నీళ్లలో గట్టిగా పిండి, కీ పొడవునా వెనక నుంచి ముందుకి తుడవండి. అడ్డంగా తుడిస్తే తడి సందుల్లోకి దిగుతుంది.